తాత కట్టిన గాలం

"సూపులో ఉప్పు తక్కువైందేమో నాన్నను అడుగమ్మా. మాట్లాడటానికి ఆయనకు ఆ ముక్కైనా దొరుకుతుంది" అంది ఐలీ.

"ఉప్పు సరిపోయిందని నీ కూతురికి చెప్పు" అన్నాడు స్ట్రూవన్, గిన్నెలోంచి తల ఎత్తకుండా.

ఇష్బెల్ గరిటె పట్టుకుని ఇద్దరి మధ్యా నిలబడి ఉంది. మంగళవారం పోలీసులు ఇల్లంతా సోదా చేసి వెళ్ళినప్పటినుంచీ ఈ ఇంట్లో తండ్రీ కూతుళ్ళ మాటలు ఆమె మీదుగానే నడుస్తున్నాయి. మూడు రోజులుగా ఆమె భార్యా కాదు, తల్లీ కాదు, ఉత్తరాలు మోసే మనిషి అయిపోయింది.

"నన్ను మధ్యలోకి లాగొద్దు. మీ ఇద్దరికీ చెవులున్నాయి. వినపడనిది ఈ ఇంట్లో మామయ్యగారొక్కరికే" అంది విసుగ్గా.

ఆ మామయ్యగారు, వాటీ, కిటికీ దగ్గర తన లోకంలో తానున్నాడు. ఎనభై రెండేళ్ళు. ఒళ్ళో కంబళి, కంబళి మీద పాత బిస్కెట్ల డబ్బా, ఎదురుగా బల్ల అంచుకు బిగించిన బుల్లి పట్టుకారు, దాని నోట్లో ఒక గాలం. ఈకలూ పట్టుదారాలూ చుట్టి, సాల్మన్ చేపలు ఏదో పురుగనుకుని నోరు తెరిచే గాలాలు కట్టడం ఆయన పని. నలభై ఏళ్ళు ఈ బీళ్ళ మీద కాపలా కాసి చెవులు తుపాకీ మోతలకు అప్పగించాడు, వేళ్ళు మాత్రం మిగుల్చుకున్నాడు. గడప దాటి లోపలికొచ్చిన వాళ్ళను గాలం ఇవ్వకుండా పంపితే ఆయనకు ఆ పూట అన్నం సయించదు. ఉత్తరాలతను, గొర్రెల డాక్టరు, చర్చి పాస్టరు, ఈ లోయలో ఎవరి టోపీ చూసినా వాటీ కట్టిన ఈకల గాలం ఒకటి ఉండాల్సిందే.

వీధి గుమ్మం పక్కన ఐలీ సంచి సర్ది ఉంది. రాత్రినుంచీ అది అక్కడే ఉంది. దాన్ని దాటుకుంటూ అందరూ తిరుగుతున్నారు గానీ ఎవరూ దాని మాట ఎత్తడం లేదు.

"నేనడిగింది ఒక్క మాట" అంది ఐలీ. ఆ పిల్లకు పందొమ్మిదేళ్ళు, కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆ గుణం తండ్రిదే. "ఆ పిట్టను నేను చంపలేదు అని ఒక్కసారి చెప్పమనమ్మా. రేపు పెర్త్‌లో ఆ పిట్ట కోసం పెట్టిన సభలో నేను మైకు ముందుకే వెళ్ళను. పక్షుల సంఘం వాళ్ళకు ఫోన్ చేసి చెప్పేస్తాను."

"పోలీసులకు ఏం దొరికిందో అడుగు నీ కూతుర్ని" అన్నాడు స్ట్రూవన్. "ఫ్రీజరు నేల మీద బోర్లించారు. నా బూట్లు పట్టుకుపోయారు, ఫోను పట్టుకుపోయారు. కుక్కల కింద పరిచిన గడ్డి కూడా తిరగేశారు. ఏం దొరికింది?"

"దొరకలేదన్నది జవాబు కాదని చెప్పమ్మా."

"కోర్టులో అదే జవాబని చెప్పు."

"ఇది వంటిల్లు, నాన్నా."

మూడు రోజుల్లో నేరుగా తండ్రితో ఆ పిల్ల అన్న మొదటి మాట అది. స్ట్రూవన్ చెంచా ఆగింది. తర్వాత కుర్చీ వెనక్కి తోసి, కోటు భుజాన వేసుకుని పెరటి తలుపు తీసుకుని బయటికి పోయాడు.

సూపు గిన్నెలో సగం అలాగే ఉండిపోయింది.

"చూశావుగా. పోలీసులు వెతికింది చెప్తాడు, కోర్టు సంగతి చెప్తాడు. ఆ ఒక్క మాట మాత్రం నోట్లోంచి రాదు" అంది ఐలీ.

ఇష్బెల్ చూసింది. పదకొండు రోజులుగా చూస్తూనే ఉంది. నల్లకొండ మీద ఎగిరే ఆ మగ పిల్లిగద్ద వీపుకు కట్టిన, అది ఎక్కడుందో చెప్పే ట్యాగు ఉన్నట్టుండి మూగబోయి పదకొండు రోజులు. నల్లకొండ స్ట్రూవన్ కాసే కొండ. అక్కడ గ్రౌస్ పిట్టలు పెరగాలి, ఆగస్టు పన్నెండున దొరగారి అతిథులు వాటిని తుపాకులతో కొట్టాలి. ఈ లోపల వాటి పిల్లలను ఎత్తుకుపోయేది ఏదైనా సరే కాపలాదారుకు శత్రువే. చట్టం మాత్రం గద్దను ముట్టుకుంటే జైలంటుంది. ఆ రెండింటి మధ్య కాపలాదారు ఇల్లు ఉంటుంది, ఆ ఇంట్లో అతని పెళ్ళాం ఉంటుంది.

ఇంటి సంగతే అసలు సంగతి. ఉద్యోగంతో వచ్చిన ఇల్లు, ఉద్యోగంతోనే పోతుంది. పెద్ద కాపలాదారు గిలెస్పీ ఈ శుక్రవారం నాలుగు గంటలకు జవాబు కోసం వస్తానన్నాడు. దొర ఏడాదికి పదిహేను రోజులు కనిపిస్తాడు, మిగతా రోజులన్నీ ఎస్టేటంటే గిలెస్పీయే. ఆయన పెట్టిన షరతు చిన్నదే. పిల్ల రేపు సభలో నోరు విప్పకూడదు. విప్పేటట్టయితే ఈ ఇంట్లో ఉండకూడదు. రెండూ కాదంటారా, మే ఇరవై ఎనిమిదికి అందరూ కలిసి ఇల్లు ఖాళీ చెయ్యండి.

"ఆ పిట్ట దొరికితే మీరొక్కరే కాదు ఇష్బెల్, వేట లైసెన్సు పోతుంది, ఆరు కుటుంబాలు రోడ్డున పడతాయి. పిల్లకు నచ్చచెప్పు" అని కూడా అన్నాడు. మిగతా కుటుంబాలకూ ఈ సంగతి చేరినట్టే ఉంది. కొట్లో ఇష్బెల్‌ను చూసి ఇద్దరు ఆడవాళ్ళు మాట ఆపేశారు. నిన్న పొద్దున గేటుకు ఎవరో చచ్చిన కాకిని తలకిందులుగా కట్టి వెళ్ళారు. ఐలీ చూడకముందే ఇష్బెల్ దాన్ని విప్పి పాతిపెట్టింది.

ఇష్బెల్ మిగిలిన సూపులో రొట్టెముక్కలు కలిపి, కుక్కల గిన్నె పట్టుకుని పెరట్లోకి నడిచింది.

* * *

స్ట్రూవన్ కుక్కల దొడ్డి గడప మీద కూర్చుని ముసలి కుక్క టెస్ చెవుల్లోంచి ముళ్ళు ఏరుతున్నాడు. ఆ చేతులు ఆ పని ఎంత నెమ్మదిగా చేస్తాయో చూస్తే ఎవరికైనా మనసు మెత్తబడుతుంది. ఇష్బెల్‌కు ఇరవై రెండేళ్ళ క్రితం మెత్తబడింది.

"ఆ ఒక్క ముక్కా చెప్పేస్తే ఏం పోయిందయ్యా?"

"చెప్తే నమ్ముతుందా?"

"నువ్వు చెప్తే నమ్ముతుంది. కొండ మీద పొగమంచు నువ్వే ఊదుతావని ఎనిమిదేళ్ళు వచ్చేదాకా నమ్మిన పిల్ల అది."

స్ట్రూవన్ నవ్వబోయి మానేశాడు. కుక్క చెవి వదిలి ఆమె వైపు చూశాడు.

"మరి నువ్వెందుకు అడగవు?"

ఇష్బెల్ గిన్నె కింద పెట్టింది. ఇరవై రెండేళ్ళలో ఏ రోజూ అడగలేదు. ఇంత పొద్దుటే ఏ కొండ మీదికి వెళ్ళావని గానీ, చొక్కా చేతికి ఆ మరకేమిటని గానీ, పార కడిగి ఎందుకు ఆరబెట్టావని గానీ. కాపలాదార్ల పెళ్ళాలకు ఇది ఎవరూ నేర్పరు, దానంతటదే అబ్బుతుంది. ఆమె అత్తగారూ అడగలేదు, అలాగే పోయింది.

"నాకు ఈ ఇల్లు కావాలి, నా కూతురు కావాలి, నువ్వు కావాలి" అంది. "అడిగితే వీటిల్లో ఏదో ఒకటి పోతుంది. అందుకే అడగను. నన్ను అడగమనకు."

కొండ మీద ఎవరిదో గొర్రె తెరిపి లేకుండా అరుస్తోంది. స్ట్రూవన్ లేచి కుళాయి కింద చేతులు కడుక్కున్నాడు, మోచేతుల దాకా, అన్నానికి కూర్చోబోయేవాడిలా.

"పద" అన్నాడు.

వంటింట్లో ఐలీ గిన్నెలు కడుగుతోంది. స్ట్రూవన్ తన కుర్చీ వెనక నిలబడి, దాని వీపు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఐలీ, ఇటు చూడు. ఆ పిట్టను నేను చంపలేదు."

ఐలీ తడి చేతులతోనే తిరిగింది. తండ్రి కళ్ళలోకి చూసింది. అతను కళ్ళు తిప్పుకోలేదు.

"నేను కాదు" అన్నాడు మళ్ళీ.

ఐలీ ముఖం మీద పదకొండు రోజుల బిగువు ఒక్కసారిగా సడలిపోయింది. ఏడుపు ఆపుకోవడానికి పళ్ళెం తుడిచే గుడ్డనే ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"ఈ మాట ఆ రోజే చెప్పి ఉంటే నీ సొమ్మేం పోయేది?"

"నువ్వడిగిన తీరు నాకు నచ్చలేదు."

"నీ తీరే నాకొచ్చింది. వేరే ఎక్కడ తెచ్చుకోను?"

"అదీ నిజమే" అన్నాడు స్ట్రూవన్. కూతురి తల మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసి, తుపాకీల గది సర్దాలంటూ మళ్ళీ బయటికి పోయాడు. ఇష్బెల్ నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. కూతురు సంచి ఎత్తుకుని మేడ మెట్లెక్కుతుంటే ఆ అడుగుల చప్పుడు ఆమెకు పాటలా వినిపించింది.

"సంఘం వాళ్ళకు ఫోన్ చేసి వస్తానమ్మా" అంది ఐలీ పైనుంచి. "నల్లకొండ పేరు చెప్పొద్దంటాను. కానీ ఎవరో ఒకరు చంపారుగా. అది మాత్రం వదలను."

"వదలకు. నీ ఇష్టం" అంది ఇష్బెల్. ఆ క్షణంలో కూతురు ఏమడిగినా ఇచ్చేసేదే.

ఆ పిట్ట ఐలీకి ఎంత ముఖ్యమో ఇష్బెల్‌కు తెలియక కాదు. మూడేళ్ళ క్రితం హెదర్ పొదల్లో గూటి పక్కన కూర్చుని, సంఘం ఆవిడ ట్యాగు పట్టీలు కడుతుంటే పిల్లగద్దను ఒళ్ళో పట్టుకున్నది ఐలీయే. అప్పుడది గోధుమరంగులో, నోరంతా కోపంతో, గుప్పెడంత ఉంది. సిల్లర్ అని పేరు పెట్టింది, ఇక్కడి మాటలో వెండి అని. మూడో ఏటికి వెండిలా తేలతాడు చూడండి అంది. తేలాడు. ఈ నెల మొదట్లో వాడు ఆకాశంలో పల్టీలు కొడుతుంటే చూసి, పరిగెత్తుకుంటూ వచ్చి ముందు చెప్పింది తండ్రికే.

ఆ సంగతి ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో ఇష్బెల్‌కు నచ్చలేదు. టీ నీళ్ళు పొయ్యి మీద పెట్టింది.

* * *

"పిల్ల ఉండిపోతోందా?" అని అరిచాడు వాటీ. చెవిటివాళ్ళ గొంతు కదా, ఇల్లంతా వినిపిస్తుంది.

ఇష్బెల్ తల ఊపింది.

"మంచిది, మంచిది. మనవరాలు అలిగి వెళ్ళిపోతే ఇంక నేను ఎవరికి కట్టిపెట్టను?" పట్టుకారు సడలించి, అప్పుడే ముగించిన గాలాన్ని అరచేతిలో పెట్టి చాచాడు. "ఇది దాని టోపీకి గుచ్చు. ఇటువంటిది ముప్పై ఏళ్ళ తర్వాత మళ్ళీ ఇప్పుడే కడుతున్నాను."

ఇష్బెల్ అందుకుంది. ఎర్రపట్టు నడుము, దాని మీద సన్నని జలతారు చుట్లు, మెడ దగ్గర పొగలా విచ్చుకున్న పొడవాటి బూడిదరంగు నూగు. ఊపిరి తగిలితేనే అల్లల్లాడుతోంది.

ఇటువంటి గాలాలకు ఆయన కట్టే కొంగ ఈక ఆమెకు తెలుసు. ఈ ఇంట్లోకి వచ్చినప్పటినుంచీ కొంగ ఈకలు ఊడ్చి పారేస్తూనే ఉంది. ఇది కొంగది కాదు.

"ఎక్కడిది మామయ్యా ఈ ఈక?" ఆయన చెవి దగ్గర వంగి అడిగింది.

"మీ ఆయన తెచ్చాడు. దొరగారి బంగళాలో అద్దాల పెట్టెలో గడ్డి కూరిన పిట్ట ఒకటి ఉండేది గదా, వాళ్ళ ముత్తాతగారి కాలంది. చెదలు పట్టిందని పారేస్తుంటే రెక్క ఒకటి కోసి తెచ్చానన్నాడు. వాడికి గుర్తుంది చూడు. ఎన్నేళ్ళనుంచి అడుగుతున్నాను."

ఒళ్ళోని బిస్కెట్ల డబ్బా మూత తీశాడు. పట్టుదారాల కింద, కాగితంలో చుట్టిన రెక్క. ఇష్బెల్ కాగితం విప్పింది. వెండి రంగు, కొసలు మాత్రం సిరాలో ముంచినట్టు నలుపు. వేలితో వంచితే వంగింది. నూరేళ్ళ నాటి తోలు వంగదు, విరుగుతుంది. కోసిన చోట ఉప్పు ఇంకా తెల్లగా అంటుకుని ఉంది.

పోయిన వారం వంటింటి ఉప్పుజాడీ సగానికి సగం ఎలా ఖాళీ అయిందో ఇష్బెల్‌కు ఇప్పుడు తెలిసింది.

మంగళవారం కానిస్టేబుళ్ళు ఫ్రీజరు బోర్లిస్తున్నంతసేపూ ఈ డబ్బా ఈ కంబళి మీదే ఉంది. చెవిటి ముసలాయన ఒడి ఎవరు సోదా చేస్తారు? పైగా సార్జెంటు ఆయన పక్కనే కుర్చీ వేసుకుని, ఏటి నీళ్ళ గురించి మాట్లాడుతూ కూర్చున్నాడు. అరవై ఏళ్ళుగా ఈకలతో బతికిన మనిషికి పచ్చిరెక్కకూ పాతరెక్కకూ తేడా తెలియదా? తెలుసు. కొడుకు చెప్పింది నమ్మాలని అనుకున్నాడు, నమ్మాడు. ఈ ఇంట్లో అడగకుండా ఉండటం ఆమె ఒక్కదానికే వచ్చిన విద్య కాదు.

మేడ మెట్ల మీద అడుగులు వినిపించాయి. ఇష్బెల్ డబ్బా మూత వేసేసింది, గాలాన్ని గుప్పిట్లో దాచింది. కంగారులో గుప్పిలి గట్టిగా బిగించింది.

"చెప్పేశానమ్మా, వాళ్ళూ సరేనన్నారు" అంటూ ఐలీ దిగి వచ్చింది. "ఏంటలా ఉన్నావు? రక్తమేంటి? చెయ్యి చూపించు."

"ఏం లేదు."

"కారుతోంటే ఏం లేదంటావేం? నాన్నా, ఒకసారి రా, అమ్మ చేతిలో ఏదో దిగింది."

స్ట్రూవన్ వచ్చాడు. ఇష్బెల్‌ను కిటికీ వెలుతురులో కూర్చోబెట్టి చెయ్యి పట్టుకున్నాడు. ఆమె గుప్పిలి తెరవలేదు. అతనే ఒక్కొక్క వేలూ విప్పాడు. బొటనవేలి మొదట్లో కండలోకి గాలం ములికితో సహా దిగిపోయి ఉంది. పైన రక్తంలో తడిసి అతుక్కున్న బూడిదరంగు ఈక.

అతని చేతులు ఆగిపోయాయి. ఇష్బెల్ అతని ముఖంలోకి చూసింది. అతను చూడలేదు.

"వెనక్కి లాగితే కండ ఊడొస్తుంది" అన్నాడు నేల చూపులతో. "ముందుకే తొయ్యాలి. కాస్త ఓర్చుకో."

తోశాడు. ములికి అవతలి వైపు చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది. కట్టరుతో ములికి తుంచి గాలం వెనక్కి తీస్తే అది ఆమె అరచేతిలోనే పడింది. ఇష్బెల్ పెదవి కొరుక్కుంది. వేడినీళ్ళ గిన్నె పట్టుకుని నిలబడ్డ ఐలీ తల్లి చేతి వంక కాదు, ఆ చేతిలో మిగిలిన గాలం వంక చూస్తోంది.

"అది ఏ ఈక?"

"కొంగది" అన్నాడు స్ట్రూవన్.

"కొంగది ఇంత మెత్తగా ఉండదు."

గిన్నె బల్ల మీద పెట్టి తాత దగ్గరికి వెళ్ళింది. ఆయన నవ్వుతూ డబ్బా ఆమె చేతికే ఇచ్చాడు. మనవరాలు తన పనితనం చూడటానికి వచ్చిందనుకున్నాడు పాపం. "అద్దాల పెట్టెలోదే తల్లీ. మీ నాన్న తెచ్చాడు" అన్నాడు గర్వంగా.

ఐలీ కాగితం విప్పింది. రెక్కను పూర్తిగా చాపింది, మళ్ళీ ముడిచింది. పసిపిల్ల చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకుంది. దాన్ని డబ్బాలో పెట్టి తాత ఒళ్ళో ఉంచింది.

"కళ్ళలోకి చూసి చెప్పావు" అంది తండ్రితో.

స్ట్రూవన్ కట్టరు మీది రక్తం తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

"గిలెస్పీ చంపమనలేదు" అన్నాడు. "చంపమని ఎప్పుడూ అనడు. ఆ వెండి పిట్ట నీ కొండ మీదే తిరుగుతోందట స్ట్రూవన్, నేను మళ్ళీ వచ్చేసరికి కనపడదనుకుంటా, అన్నాడు. అంతే. ఇరవై ఏళ్ళనుంచీ అంతే."

"మిగతాదంతా పూడ్చినవాడివి, ఈ రెక్క ఎందుకు తెచ్చావు?" అడిగింది ఇష్బెల్. జీవితంలో మొదటిసారి అడిగింది. అడగవలసిన చోట కాకుండా ఇక్కడ అడిగింది.

"నాన్న అడుగుతుండేవాడుగా. ఆయన పాత రెక్క నా చిన్నప్పుడే అయిపోయింది. ఎండలో అది మెరుస్తోంది ఇష్బెల్. మట్టిలో పెట్టబుద్ధి కాలేదు."

బయట గేటు తీసిన చప్పుడు. గిలెస్పీ జీపు. నాలుగు కావడానికి ఇంకా పది నిమిషాలున్నాయి, ఆయన ఎప్పుడూ ముందే వస్తాడు.

ఐలీ చెయ్యి చాపింది.

"అమ్మా, అది నాకివ్వు."

ఇష్బెల్ అరచేతిలో రక్తంతో తడిసిన ఆ కాస్త ఈక. ఇస్తే మొగుడు జైలుకు పోతాడు. ఈ ఇల్లూ, లోయలో ఇంకో అయిదు ఇళ్ళూ పోతాయి. ఎనభై రెండేళ్ళ ముసలాయన్ను తీసుకుని ఎక్కడికి వెళ్ళాలి? ఇవ్వకపోతే ఈ చాచిన చెయ్యి ఇంకెప్పుడూ ఇలా చాచదు. అదీ ఆమెకు తెలుసు. జీపు తలుపు పడింది. స్ట్రూవన్ ఒక్క మాటే అన్నాడు.

"ఇష్బెల్."

ఆమె పొయ్యి తలుపు తీసింది. గాలం అందులో వేసింది. తర్వాత మామగారి ఒళ్ళోని డబ్బాలోంచి రెక్క తీసి, అదీ వేసింది. తలుపు మూసి చిటికెన వేలితో గడియ పెట్టింది, మిగతా వేళ్ళు రక్తంగా ఉన్నాయని.

"అయ్యో, అయ్యో, నా రెక్క" అన్నాడు వాటీ.

ఐలీ చాచిన చెయ్యి మెల్లగా దించుకుంది. మేడ మీదికి వెళ్ళి సంచి తీసుకుని వచ్చింది. విప్పనే లేదు దాన్ని, సర్దింది సర్దినట్టే ఉంది.

"నాన్న పూడ్చాడు, నువ్వు తగలబెట్టావు" అంది తల్లితో. గొంతు ఎంత తగ్గిందంటే ఇష్బెల్ పెదాలు చూసి తెలుసుకోవలసి వచ్చింది.

"రేపు సభలో ఏం చెప్తావు?"

"అదా ఇప్పుడు నువ్వడిగేది?"

తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. గడప దగ్గర గిలెస్పీ పక్కకు తప్పుకుని, టోపీ తీసి ఆమెకు దారి ఇచ్చాడు.

* * *

"పిల్ల వెళ్ళిపోతోందన్నమాట" అన్నాడు గిలెస్పీ, లోపలికి వచ్చి తానే కుర్చీ లాక్కుని. "బాధే. కానీ మంచి నిర్ణయం. ఇల్లు మీదే ఇంక. దొరగారితో నేను మాట్లాడతాను." ముక్కు ఎగబీల్చాడు. "ఏదో కాలుతున్నట్టుందే."

"కోడి ఈకలు" అంది ఇష్బెల్.

గిలెస్పీ ఆమె చేతికి అప్పుడే చుట్టుకున్న గుడ్డ వంకా, పొయ్యి వంకా, స్ట్రూవన్ ముఖం వంకా చూశాడు. అర్థం చేసుకోవలసింది అర్థం చేసుకున్నాడు. ఆ మనిషికి అది కొత్త కాదు.

"కోడి ఈకలు కాల్చెయ్యడమే మంచిది" అన్నాడు. "టీ ఉందా?"

ఇష్బెల్ టీ పోసింది. చెయ్యి సలుపుతోంది. కూతురు వంతెన దాకా వెళ్ళి ఉంటుంది, నాలుగుంపావు బస్సు ఇంకా రాలేదు. ఈయన తాగి లేస్తే పరిగెత్తి అందుకోవచ్చు. అందుకుని ఏం చెప్పాలో తెలియదు, అయినా అందుకోవాలి. ఇల్లు నిలబడింది, మొగుడు నిలబడ్డాడు, ఇంక దాని కాళ్ళైనా పట్టుకోవచ్చు.

"మంచి రెక్క" అన్నాడు వాటీ కిటికీ దగ్గరనుంచి. అలక తగ్గక గొణుగుతూనే ఉన్నాడు, ఆయన గొణుగుడు కూడా అందరికీ వినిపించేదే. "ముప్పై ఏళ్ళకు దొరికిన రెక్క. దాన్ని పొయ్యిలో వేస్తుందా ఆడమనిషి? పోనీలే. రెండే రెండు కట్టగలిగాను. ఒకటి కాలిపోయినా ఒకటి మంచివాడి చేతిలో పడింది."

గిలెస్పీ కప్పు నోటి దాకా వెళ్ళి ఆగింది.

"ఎవరి చేతిలో?"

వాటీకి వినపడలేదు. స్ట్రూవన్ లేచి వెళ్ళి తండ్రి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు, పెదాలు కనిపించేలా.

"ఎవరికిచ్చావు నాన్నా?"

"ఆ సార్జెంటుకే. మంగళవారం. టోపీకి నేనే గుచ్చాను. టే నది మీద గాలం వేస్తాడట, మర్యాదస్థుడు, నీలాగా నన్ను విసుక్కోలేదు. ఇది ఏ ఈక తాతగారూ అని అడిగాడు కూడా."

"నువ్వేం చెప్పావు?"

"ఉన్నదే చెప్పాను. నీ పేరే చెప్పాను. మా వాడు తెచ్చాడని."

మూడు రోజులు. ఆ ఈక ఇప్పుడు ఏ ఊళ్ళో, ఏ డాక్టరు పరీక్ష బల్ల మీద ఉందో. ఇష్బెల్ పొయ్యి వైపు చూసింది. లోపల ఎప్పుడో కాలిపోయి ఉంటుంది. ఆమె కూతుర్ని పోగొట్టుకుని మరీ కాల్చేసిన సాక్ష్యం ఇంకెక్కడో క్షేమంగా ఉంది.

గిలెస్పీ కప్పు కింద పెట్టాడు. జేబురుమాలు తీసి, తాను పట్టుకున్న చోట కప్పు చెవి తుడిచాడు. అలా తుడుస్తున్నానని ఆయనకే తెలిసినట్టు లేదు.

"ఇవాళ నేను ఈ ఇంటికి రాలేదు, ఇష్బెల్" అన్నాడు లేస్తూ. "నీతో ఏ పిట్ట గురించీ ఎప్పుడూ మాట్లాడలేదు, స్ట్రూవన్. ఇరవై ఎనిమిదో తారీకు గుర్తుంచుకోండి."

జీపు వెళ్ళిపోయింది. ఇష్బెల్ గుమ్మంలోకి పరిగెత్తింది. కింద వంతెన దగ్గర బస్సు ఆగి, ఒకరిని ఎక్కించుకుని కదిలింది. అరిచింది. ఆ దూరానికి ఏ గొంతూ చేరదు. బస్సు మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా అరుస్తూనే ఉంది.

లోపలికి వచ్చేసరికి స్ట్రూవన్ ఇంకా తండ్రి ముందు మోకాళ్ళ మీదే ఉన్నాడు. వాటీ పట్టుకారులో కొత్త గాలం బిగించి, దారం నోట్లో తడుపుకుంటున్నాడు.

"రెక్క పోతే పోయింది, కొంగ ఈకతోనే ఇంకోటి కడతాను" అన్నాడు. "ఆ కుర్రాడికి మాటిచ్చాను. శుక్రవారం సాయంత్రం మళ్ళీ వస్తాను తాతగారూ అన్నాడు. ఇవాళ ఏ వారం, ఇష్బెల్?"